నోరులేని పెద్దలు

సంతలో ఎద్దును బేరమాడు రైతు మొట్టమొదట చేయు పని దాని మూతి పట్టి, పెదవి యెత్తి, పండ్లు చూచుట. రెండుపండ్ల కోడెయా, నాలుగుపండ్లదా, పండ్లరిగిన ముసలిదా యని తేల్చుకొన్నగాని యతడు మొలనున్న రూకలు పైకి తీయడు. పండ్లు సడలిన పశువు మేత మేయజాలదనియు, మేయజాలనిది కాడి మోయజాలదనియు అతనికి వేరొకరు బోధింపవలసిన పనిలేదు. ఇంతటి లోకజ్ఞానము గల గృహస్థుడే తన వసారాలో పడకకుర్చీమీద కూర్చున్న తండ్రి నోటిలో పండ్లెన్ని యున్నవో, ఉన్నవానిలో కదలునవెన్నియో, ఏ చిగురునుండి నెత్తురు కారుచున్నదో యెరుగడు. అడిగితిమా, "వయస్సు వచ్చినది, పండ్లూడక యుండునా?" యని నవ్వి యూరకుండును. ఈ యొక్క మాటనే మేమీనాడు విచారణకు పెట్టదలచినాము.

మా యెరుకలోని యొక పెద్దమనుష్యుని సంగతి చెప్పెదము. వయస్సు డెబ్బది దాటినది. మధుమేహము పట్టి చాలకాలమైనది. నెత్తుట చక్కెర యెంతకును దిగిరాకుండుటచే పట్టణమునకు పోయి వైద్యుని చూచిరి. ఆ వైద్యుడు సత్పురుషుడే. వరియన్నము తగ్గింపుడు, జొన్నరొట్టె, ఆకుకూరలు, గుగ్గిళ్లు, పచ్చికూరగాయలు తినుడు అని చెప్పి, మందుబిళ్ల యొకటి పెంచి పంపెను. ఇంట కోడలు శ్రద్ధగా రొట్టె కాల్చి పెట్టినది. మామగారు దానిని త్రుంచి నోట నుంచుకొని, అటునిటు త్రిప్పి, మెల్లగా తీసి కంచము ప్రక్కన పెట్టిరి. దవడపండ్లు అంతకుముందే పోయినవి. ముందరివి నాలుగు కదలుచున్నవి. మూడవనాటినుండి మరల మెత్తగా పిసికిన పెరుగన్నమే. చక్కెర తగ్గలేదు, తగ్గనందున చిగుళ్లు మరింత చెడినవి. వైద్యుడు ఆయన పాదములు చూచెను, కన్నులు చూపించుకొమ్మనెను, మూత్రము పరీక్ష చేయించెను. నోరు తెరువుమని మాత్రము అనలేదు. పథ్యము వ్రాయునపుడు దానిని నమలు సాధనము రోగికి కలదా యను ప్రశ్న తోచకపోవుట ఆ యొక్క వైద్యుని దోషమని మేమనము. మన వైద్యవిధానమంతయు నట్లే నడచుచున్నది.

పండ్లు వయస్సుచేత అరుగును, పసుపువన్నె తిరుగును, ఇది నిజము. వయస్సు మాత్రముచేత నూడవు. ఊడుట వ్యాధివలన. ఆ వ్యాధులలో ముఖ్యమైనవి రెండే: ఒకటి పుచ్చు, రెండవది మన పెద్దలు పయోరియా యని పిలుచుచుండిన చిగుళ్లవ్యాధి. పండ్లమొదళ్ల చేరిన పాచి గట్టిపడి గారగా మారును. దాని మాటున సూక్ష్మజీవులు కాపురముండును. చిగురు వాచి పన్నునుండి విడివడును. పన్నును పట్టియుంచు దవడయెముక సంవత్సరముల తరబడి కొంచెముకొంచెముగ కరగిపోవును. చాలకాలము నొప్పి యుండదు. ఇదియే దీని మోసము. పన్ను కదలినప్పుడు గృహస్థుడు మేల్కొనును. అప్పటికి గోడ నిలిచియున్నను పునాది పోయియుండును. ఇట్లు చడిలేక నడచు వ్యాధికి వార్ధక్యమున తోడు వచ్చునవి మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, పక్షవాతము, కీళ్లవాతము, ఎముకలు గుల్లబారుట, మతిమరపు జబ్బు. ఈ దీర్ఘవ్యాధులలో నోటిని తాకనిది దాదాపు లేదు. కొన్నిటిని నోరు మరల తాకి ప్రకోపింపజేయుచున్నది.

మధుమేహమునే ముందుగ తీసికొందము. భారత వైద్యపరిశోధన మండలి వారు జరిపించి 2023లో ప్రకటించిన సర్వే ననుసరించి మన దేశమున 10.1 కోట్లమంది మధుమేహులు గలరు; మరి 13.6 కోట్లమంది ఆ గుమ్మమున నిలిచియున్నారు. నెత్తుట చక్కెర హెచ్చినకొలది చిగుళ్లలోని సన్నని రక్తనాళములు చెడును, సూక్ష్మజీవులతో పోరాడవలసిన తెల్లకణములు మందగించును, వాపు చల్లారదు, పుండు మానదు, లాలాజలము తగ్గి నాలుకమీద తెల్లని బూజు పట్టును. మధుమేహము కన్నులను, మూత్రపిండములను, నరములను, పెద్ద రక్తనాళములను చెరచుననియు, పుండ్లు మాననీయదనియు వైద్యులు చిరకాలముగ చెప్పుచుండగా, హెరాల్డ్ లో యను పండితుడు 1993లో చిగుళ్లవ్యాధిని ఆ పట్టికలో నారవదిగ చేర్చి వ్రాసెను. మధుమేహులకు చిగుళ్లవ్యాధి తక్కినవారికంటె హెచ్చుగ వచ్చుటయు, వచ్చినది తీవ్రముగ నుండుటయు నేడు వివాదములేని సంగతి.

ఇంతవరకు చాలమంది వినియుందురు. వినని దేమన, దారి రెండువైపులకును నున్నది. చిగుళ్లలోని యెడతెగని వాపునుండి నెత్తుటిలోనికి చేరు పదార్థములు ఇన్సులిన్ పనిని అడ్డగించును. చిగుళ్లు శుభ్రపరచి వాపు తగ్గించినచో చక్కెర దిగునా యని అనేక దేశములలో పరీక్షలు జరిగినవి. ముప్పదికి మించిన యట్టి పరీక్షలను ఒక్కచోట చేర్చి తూచి 2022లో కాక్రేన్ సంస్థవారు తేల్చినది వినుడు. మూడునెలల సగటు చక్కెరను తెలుపు రక్తపరీక్షలో, చికిత్స చేసిన మూడునాలుగు నెలలకు 0.43 శాతాంశము, సంవత్సరమునకు 0.50 శాతాంశము తగ్గుదల కనబడినది. ఎనిమిది చూపు పరీక్ష ఏడున్నరకు దిగుటయన్న మాట. మందుబిళ్ల యొకటి చేర్చి వైద్యుడు కోరునది యించుమించు ఈపాటి ఫలమే గదా! గార తీయించుకొనుట మందునకు బదులని మేము చెప్పుట లేదు. మందు మ్రింగుచు గార నుంచుకొనుట, ఒక చేత చేదుచు మరియొక చేత బావిలో పోయుట యని మాత్రము చెప్పుచున్నాము.

ఇక లాలాజలము. దీనికి మనవారిచ్చు గౌరవము "ఉమ్మి" యను మాటలోనే తెలియుచున్నది. దినమునకు అరలీటరు మొదలు లీటరున్నరవరకు నోట నూరు ఈ జలము పండ్లను కడుగును, ఆమ్లమును విరచును, పంటిపై కరగిన ఖనిజమును మరల పూరించును, మ్రింగుటకు దారి నూనె చేయును. ముసలితనమున నోరెండుట సహజమని లోకులందురు. ఆరోగ్యముగ నున్న వృద్ధునికి లాలాజలము అంతగ తగ్గదు. అధికముగ నెండించునది మందులపెట్టె. రక్తపుపోటునకు నీరు లాగు మందు, జలుబునకు, దురదకు వాడు బిళ్లలు, మూత్రము నిలుపు మందులు, నిద్రకును దిగులునకును ఇచ్చునవి, ఇట్టివి వందలకొలది నోరెండించును. ఒక్కటి వాడువారికంటె అయిదారు కలిపి వాడువారికి బాధ హెచ్చు. నోరెండిన ముసలివారు ఏమి చేయుదురు? బుగ్గన బెల్లపుముక్కయో, పిప్పరమెంటు బిళ్లయో పెట్టుకొందురు. గంటగంటకు తీపి తేనీరు చప్పరింతురు. చిగురు దిగి బయటపడిన పంటివేరునకు పైపింగాణి కవచము లేదు. పంటితలను కరగించుటకు చాలని కొద్ది ఆమ్లమే దానిని కరగించును. ఆరునెలలలో మెడ వద్ద నల్లగ త్రవ్వుకొని పోయి, ఒకనాటి రాత్రి పన్ను మొదటికి విరిగి కంచములో పడును. దీనికి వయస్సే కారణమని మనము వ్రాసికొందుము.

రక్తపుపోటునకు మన యిండ్ల విరివిగ వాడు ఆమ్లోడిపిన్ వంటి మందులవలన కొందరికి చిగుళ్లు ఉబ్బి పండ్లపైకి పెరుగును. మూర్ఛలకిచ్చు ఫెనిటాయిన్‌వలనను, మూత్రపిండము మార్పించుకొన్నవారు వాడు సైక్లోస్పోరిన్‌వలనను ఇట్లే. నోరు శుభ్రముగ నున్నవారికి ఈ పెరుగుదల తక్కువ. అవసరమైనచో వైద్యుడు మందు మార్పగలడు. కాని చిగుళ్లు చూపించుకొనుటకు దంతవైద్యుని వద్దకు పోవువాడు తాను వాడు మందుల చీటిని వెంట తీసికొనిపోడు; మందు వ్రాసినవాడు చిగుళ్లు చూడడు.

ఈ యిరువురి నడుమ గోడ యెప్పుడు లేచినది? సుశ్రుతుడు ముఖరోగములను 65గా గణించి, అందు దంతమూలముల రోగములు 15 అని విడదీసెను; అయినను ఆ అధ్యాయము దేహవైద్యములో భాగమే. పాశ్చాత్యదేశములలో 1840లో బాల్టిమోరు నగరమున ప్రత్యేక దంతవైద్య కళాశాల వెలసినది మొదలు నోటికొక వైద్యుడును, తక్కిన దేహమునకొక వైద్యుడును ఏర్పడిరి. మన దేశమున డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్‌గారు 1920లో కలకత్తాయందు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. ఆ మహాశయుని దీక్ష కొనియాడదగినది. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. ప్రత్యేకవిద్య వలన శాస్త్రము పెరిగినదనుటలో సందేహము లేదు. కాని రోగి యొక్కడే. అతడు రెండు కార్యాలయముల నడుమ తిరుగు అర్జీవలె నైనాడు.

ఇచ్చట పాఠకులకొక హెచ్చరిక చేయుట మా ధర్మము. నోటికిని దేహమునకును సంబంధమున్నదని వినగానే సర్వరోగములకు పండ్లే మూలమని యెగురువారు కలరు. ఒకప్పుడు వైద్యలోకమే అట్లు ఎగిరినది. 1910లో ఇంగ్లండునందలి విలియం హంటరను వైద్యుడు మాంట్రియాలులో చేసిన ప్రసంగముతో ఊపందుకొని, కీళ్లనొప్పి మొదలు పిచ్చివరకు అన్నిటికిని పుచ్చుపండ్లనుండి ప్రాకు విషమే హేతువను వాదము రెండు ఖండములను ఊపివైచెను. ముప్పదేండ్లపాటు నిర్దోషములైన పండ్లు బుట్టలకొలది పెరికివేయబడినవి. 1938లో సెసిల్, ఆంజెవైన్ అను వైద్యులు 200 మంది కీళ్లవాతరోగుల చరిత్రలు పరిశీలించి, పండ్లు పెరికినందున వారికి మేలు కలుగలేదని చూపినపిమ్మట ఆ వెఱ్ఱి చల్లారెను. ఆ యెదురుదెబ్బ ఫలితముగ తరువాతి తరమువారు అసలు సంబంధమే లేదనుటకు దిగిరి.

కావున తూచి చెప్పవలెను. చిగుళ్లవ్యాధి గలవారిలో గుండెజబ్బులు హెచ్చుగ కనబడుచున్నవి. కాని మొదటిది రెండవదానికి కారణమని ఋజువు కాలేదని అమెరికా హృద్రోగ సంఘమువారు 2012లో స్పష్టముగ ప్రకటించిరి. చిగుళ్ల సూక్ష్మజీవి యొకటి మతిమరపు జబ్బుతో చనిపోయినవారి మెదడులో కనబడినదని 2019లో కొందరు పరిశోధకులు వ్రాసిరి. దానిపై పనిచేయు మందును పరీక్షింపగా 2021లో ఆశించిన ఫలము రాలేదు. ఈ తగవులు తేలువరకు పత్రికలవారము మేము డప్పు కొట్టరాదు. అయితే గుండె కవాటము మార్పించుకొన్నవారికిని, ఒకమారు గుండె లోపొర వాపు వచ్చినవారికిని నోటి సూక్ష్మజీవి రక్తమున జొచ్చుట నిజమైన ప్రమాదమే. వారు పన్ను తీయించుకొనుటకు ముందు ఆ మాట దంతవైద్యునికి చెప్పితీరవలెను.

తేలిపోయిన సంగతి మరియొకటి కలదు. దానిని గూర్చియే మన యిండ్లలో బొత్తిగ తెలియదు. పక్షవాతము వచ్చినవానికి ముఖమున ఒక ప్రక్క తెలివి లేదు. ఆ బుగ్గసందున అన్నపుముద్ద నిలిచిపోవును. అతనికి తెలియదు, చూచువారికి కనబడదు. మతిమరపు జబ్బు ముదిరినవారు పండ్లు తోముకొనుటను మరతురు. తోమబోయిన చేతిని కరతురు. కీళ్లవాతముతో వ్రేళ్లు వంకరపోయినవారు సన్నని బ్రష్షు పట్టలేరు. ఈ నోళ్లలో పాచి అట్టకట్టును. నిద్రలో ఆ పాచితోకూడిన ఉమ్మి గొంతుదిగి ఊపిరితిత్తులలో పడును. జ్వరము, రొప్పు, ఆపైన న్యుమోనియా. జపానులో 11 వృద్ధాశ్రమములలో రెండేండ్లు ఒక పరీక్ష జరిపి 2002లో ప్రకటించిరి. ప్రతి భోజనమునకు పిదప పరిచారకులు పండ్లు తోమి, వారమున కొకమారు దంతవైద్య సిబ్బంది శుభ్రపరచిన వృద్ధులలో నూటికి 11 మందికి న్యుమోనియా వచ్చినది; అట్టి సేవ లేనివారిలో నూటికి 19 మందికి వచ్చినది. ఖరీదైన మందు కాదు, యంత్రము కాదు. ఒక బ్రష్షు, ఒక మనిషి, కొన్ని నిమిషములు. మంచము పట్టిన తండ్రికి ఆస్పత్రిలో ప్రాణవాయువు పెట్టించుటకు వేలు వ్యయము చేయు కుమారులను మేమెరుగుదుము. ఆ తండ్రి నోరు పదునైదు దినములుగ ఎవరును తుడువలేదని వారికి తట్టదు. తట్టినను, ఆ పని కోడలిదో కూతురిదో యని వదలుదురు. ఆమెకు దానిని ఎట్లు చేయవలెనో నేర్పినవారు లేరు.

కట్టుడుపండ్లు పెట్టుకొన్నవారు ఇక తమకు నోటిబాధ లేదని తలంతురు. రాత్రులు వానిని తీయక నిద్రించు అతివృద్ధులకు, తీసి నిద్రించువారికంటె న్యుమోనియా రెండింతలకు పైగ వచ్చినట్లు జపానువారే 2015లో లెక్క చూపిరి. పండుకొనుటకు ముందు తీసి, తోమి, మంచినీటిలో నుంచుట చాలును. అవి వదులైనచో చిగురును ఒరసి పుండు చేయును. మధుమేహికి ఆ పుండు నెలలు మానదు. మూడు వారములు దాటినను మానని పుండును పుండని ఊరకుండక చూపించుకొనవలెను.

పుండ్ల మాట వచ్చినది గనుక పొగాకును గూర్చి యొక మాట. చుట్ట మండుకొన నోటిలోపల పెట్టుకొని కాల్చు "అడ్డపొగ" అలవాటు ఉత్తరాంధ్రమున, ముఖ్యముగ స్త్రీలయందు, ఎంత అంగిలిపుండ్లు కలిగించినదో శ్రీకాకుళము జిల్లా గ్రామములలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన లోకమునకు చాటినది. క్యాన్సరు సంగతి అందరెరిగినదే. ఎరుగని దొకటి యున్నది. పొగత్రాగువారి చిగుళ్లలో నెత్తురు తక్కువగ కారును. కావున లోన ఎముక కరగుచున్నను పైకి చిగురు బాగున్నట్లే యుండును. "నాకెన్నడును నెత్తురు చూపలేదే!" యని ధీమాగ నున్నవారు ఈ సంగతి గ్రహింతురుగాక.

ఎముకలు గుల్లబారిన స్త్రీలకిచ్చు బిస్‌ఫాస్ఫొనేటు మందులవలన, పన్ను తీసినపిదప దవడయెముక మానక బయటపడుట 2003 మొదలు వైద్యుల దృష్టికి వచ్చినది. క్యాన్సరు రోగులకు సూదిద్వారా పెద్దమోతాదున ఇచ్చునపుడు ఈ ప్రమాదము హెచ్చు. ఎముకల బలమునకై వారమున కొకటి మ్రింగు బిళ్లవలన చాల అరుదు. కావున భయపడి మందు మానరాదు. మందు మొదలుపెట్టుటకు ముందే చెడిన పండ్ల సంగతి తేల్చుకొనవలెను. నెత్తురు పలుచనచేయు మందులును అట్టివే. పన్ను తీయించుకొనుటకై యాస్పిరినును తమంతట తాము మాని గుండెమీదికి తెచ్చుకొనువారు కలరు. ఏ మందు నిలుపవలెనో, ఏది నిలుపరాదో ఇరువురు వైద్యులు మాటలాడుకొని చెప్పవలసినది. రోగి ఊహింపవలసినది కాదు.

స్వదేశి వస్తువులయందు మాకు గల అభిమానము పాఠకులెరిగినదే. వేపపుల్లను మేము తక్కువ చేయము. కాని చిగురు దిగి వేరు బయటపడిన నోటిలో ఇటుకపొడి, బొగ్గుపొడి, ఉప్పురాయి వేసి రుద్దుట దేశభక్తి కాదు. ఆ వేరు మైనమువలె అరుగును. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు కలిసిన పేస్టుతో పూటకొకమారు తోముట వృద్ధుల వేళ్లపుచ్చుకు మంచి రక్ష. నల్లగొండ, ప్రకాశము జిల్లాలవారు ఫ్లోరైడను పేరు వినగానే ఉలికిపడుట సహజమే. వంకరపోయిన కాళ్లను చూచిన కన్నులు గదా! కాని ఏండ్లతరబడి త్రాగు నీటిలో మితిమీరిన ఫ్లోరైడు వేరు. తోమి ఉమ్మివేయు పేస్టులోని కొద్దిపాటిది వేరు.

ఇన్ని వ్రాసినపిదప, ఇది యెవరి కర్తవ్యమను ప్రశ్న మిగిలియున్నది. మహాత్ముని బోసినవ్వు మన జాతికి పూజనీయము. పండ్లులేని నోటిని మనము నిష్కల్మషతకు గుర్తుగ భావించుట అందుండి కొంత వచ్చియుండును. ఆ మహాత్ముడును భోజనవేళ కట్టుడుపండ్లు పెట్టుకొనెడివాడు. తక్కిన దేశము మాట? 2011 జనాభా లెక్కలలోనే అరువదేండ్లు దాటినవారు 10.38 కోట్లు. జపానులో 1989లో ప్రభుత్వమును దంతవైద్య సంఘమును కలిసి "8020" అను ఉద్యమము లేవదీసిరి: ఎనుబదియవ యేట ఇరువది సొంతపండ్లుండవలెను. ఇరువది యుండిన ఇంచుమించు ఏ ఆహారమైనను నమలవచ్చును. ఆనాడు అట్టివారు పదింట ఒకరికంటె తక్కువ. 2016 సర్వేలో సగముమందిని దాటిరి. వయస్సు మారలేదు, జాతి మారలేదు, ఏర్పాటు మారినది. నినాదముతో వారు తృప్తిపడలేదు. వారి ఆరోగ్యబీమాలో దంతచికిత్స, కట్టుడుపండ్లు చేరియున్నవి. నడివయస్సునుండి చిగుళ్ల పరీక్షకు పురపాలకసంఘములు పిలుచును.

పండ్ల వ్యయమునకు జంకని ప్రభుత్వము లేదని మేమెరుగుదుము. 1948లో ఇంగ్లండున జాతీయ ఆరోగ్యసేవ తెరువగానే కట్టుడుపండ్లకై పేదలు బారులు తీరిరి. మూడేండ్లకే, యుద్ధసన్నాహముల వ్యయమునకై, వానిపై రుసుము విధింపబూనగా, ఆ సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవాన్ 1951 ఏప్రిలులో మంత్రిపదవిని వదలుకొనెను. అమెరికాలో 1965లో వృద్ధులకై పెట్టిన మెడికేరు సాధారణ దంతచికిత్సను మొదటనే వెలుపల నిలిపినది. మన దేశమున 2024 అక్టోబరులో డెబ్బదేండ్లు నిండినవారికందరికిని, కలిమిలేములు చూడక, ఏడాదికి 5 లక్షల రూపాయలవరకు ఆయుష్మాన్ భారత్ వైద్యభరోసా ఇచ్చుట మెచ్చదగిన పని. కాని అది ఆస్పత్రిలో చేరి పొందు చికిత్సకు. పుచ్చు పూడ్చుట, పంటివేరు చికిత్స, అరుగుదల వంటివి, ఆస్పత్రిలో చేర్పవలసినంతటి వ్యాధియో గాయమో అయినగాని, దాని గడప దాటి రావు. చిగుళ్లు చెడి చక్కెర హెచ్చి కాలు కుళ్లినచో కాలు తీయుటకు డబ్బు కలదు. చిగుళ్లు బాగుచేయుటకు లేదు!

దంతవైద్యులు లేరనుటకు వీలులేదు. మూడువందలకు పైబడిన దంతవైద్య కళాశాలలనుండి ఏటేట వేలకొలది యువకులు పట్టములతో వెలువడి, పట్టణపు వీధులలో ఒకరి పలక ప్రక్కన నొకరు పలక వ్రేలాడదీసి కూర్చుండుచున్నారు. పల్లెలోని కౌలురైతు, కూలివాడు పన్ను నొచ్చినప్పుడు మందులషాపులో నొప్పిబిళ్ల కొని మ్రింగుచున్నాడు. ఆ నొప్పిబిళ్లలు కొన్ని మధుమేహుల మూత్రపిండములకు హానికరములు. మా పాఠకులలో కలిగినవారు తమ పండ్లకు వేలు పోయగలరు. పోయలేనివారికి పండ్లు ఊడుటయే చికిత్సగ మిగిలినది.

ప్రభుత్వములకు మేము క్రొత్త శాఖ తెరువుమని మనవి చేయుట లేదు. 2014లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము కాగితముపై నున్నది. గ్రామములలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో, ముప్పదేండ్లు నిండినవారికి రక్తపుపోటు, చక్కెర చూచుటతోబాటు నోరు తెరిపించి, దీపము వేసి, క్యాన్సరు గుర్తులు వెదకవలెనని నియమము ఇప్పటికే కలదు. దీపము వేసిన ఆ నిమిషముననే పండ్లెన్ని, కదలునవెన్ని, చిగురు నెత్తురు చూపుచున్నదా, నోరెండినదా, కట్టుడుపండ్లు కరచుచున్నవా యని చూచి, చక్కెర అంకె వ్రాయు చీటిలోనే వ్రాయవచ్చును. ఆ చీటితో ప్రాంతీయ ఆస్పత్రికి పోయినవానికి గార తీయుటకు ఒక కుర్చీ, ఒక దంతవైద్యుడు, వారమున నియతమైన దినములుండవలెను. డెబ్బది దాటి నమలలేనివారికి కట్టుడుపండ్ల జత వైద్యభరోసాలో చేరవలెను. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తలకు మంచము పట్టినవారి నోరు తుడుచు విధము నేర్పవలెను. ఆ పని చేసినందుకు వేరుగ ప్రతిఫల మీయవలెను. ఇప్పటికే వారి నెత్తిన నున్న మోపులకు ఇంకొక ఉచితపు మోపు ఎత్తుట మాకు సమ్మతము కాదు. ఆంధ్ర, తెలంగాణ శాసనసభలలో రాబోవు ఆరోగ్యపద్దుల చర్చనాడు, ఈ చీటిలో నోటికొక గడి చేర్చుటకు ఏమి అడ్డమున్నదో సభ్యులెవరైన లేచి అడుగవలెనని కోరుచున్నాము.